చెడ్డ బ్లాకుల జాబితా

యజ్ఞనారాయణకు అనుమానం పుట్టుకతోనే వచ్చింది. మూసాపేటలో ఆయన కూరలకు బయలుదేరాడంటే బండివాళ్లు ముఖం తిప్పుకుంటారు. ఒక్కో వంకాయనూ తొడిమ నుంచి కింద దాకా తిప్పి చూసి, చివరికి పావుకిలో కొంటాడు. ఇంటికి తాళం వేసి లిఫ్టు దాకా వచ్చాక మళ్లీ వెనక్కి వెళ్లి తాళం లాగి చూస్తాడు. ఆయన భార్య పుణ్యవతి ఇరవై రెండేళ్లుగా లిఫ్టు తలుపు మూసుకోకుండా పట్టుకుని నిలబడుతోంది. "పెళ్లిచూపుల్లో నన్నెలా ఒప్పుకున్నారో ఇప్పటికీ అర్థం కాదండి" అంటుంది.

అలాంటి మనిషికి దేవుడు సరిగ్గా అలాంటి ఉద్యోగమే చూపించాడు. హైటెక్ సిటీలో ఒక అద్దాల మేడ, ఏడో అంతస్తు, చిప్పులు డిజైన్ చేసే చిన్న కంపెనీ. కరెంటు పోయినా రాసింది పోకుండా దాచిపెట్టేది ఫ్లాష్ మెమరీ. దాని చేత పని చేయించే మేస్త్రి కంట్రోలర్. ఆ మేస్త్రితో కెర్నెల్ తరఫున, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ తరఫున, మాట్లాడే డ్రైవర్ ప్రోగ్రామును యజ్ఞనారాయణ రాస్తాడు. ఈ మెమరీ బ్లాకులు బ్లాకులుగా ఉంటుంది. కొన్ని ఫ్యాక్టరీ నుంచే చెడిపోయి వస్తాయి, కొన్ని వాడకంలో చెడతాయి. చెడ్డవాటి పేర్లు జాబితాలో రాసుకుని మళ్లీ వాటి జోలికి పోకుండా చూడటం డ్రైవర్ బాధ్యత. ఎవరినీ నమ్మని వాడికి ఇంతకంటే హాయి అయిన పని ఏముంటుంది?

ఆయన తన డ్రైవర్లో ఒక నియమం పెట్టాడు. చెరిపేటప్పుడో రాసేటప్పుడో ఏ బ్లాకైనా ఒక్కసారి తడబడిందా, జాబితాలోకి ఎక్కినట్టే. మూడేళ్ల కిందట దాన్ని కెర్నెల్‌ బాగోగులు చూసుకునే పెద్దలకు పంపితే, వాళ్లలో ఒకాయన "ఇంకోసారి ప్రయత్నించి చూడకూడదా?" అని మెయిల్లో అడిగాడు. "ఒకసారి తడబడిన దాన్ని నేను నమ్మను" అని యజ్ఞనారాయణ జవాబిచ్చాడు. వాళ్లు ఒప్పుకున్నారు. ఆ సంగతి ఆయన క్యాంటీన్లో కనీసం నలభైసార్లు చెప్పి ఉంటాడు.

ఈ ఏడాది ఎండాకాలంలో కొత్త చిప్పు పరీక్షలు మొదలయ్యాయి. శుక్రవారం సాయంత్రం ల్యాబులో ఆ చిప్పు బిగించిన బోర్డు నడుస్తుండగా వదిలి వెళితే, సోమవారం దాకా అది ఆగకుండా రాస్తూ చెరుపుతూ ఉండాలి. మూడు సోమవారాలు వరుసగా బోర్డు చచ్చి కనిపించింది. ప్రతిసారీ ఒకటే కథ: చెడ్డ బ్లాకుల జాబితా నిండిపోయి, వాడుకోవడానికి మంచి బ్లాకు మిగల్లేదు. మూడోసారి ప్లగ్గు కూడా పీకి ఉంది.

"ఎవరో కావాలనే చేస్తున్నారండి" అన్నాడు మేనేజరు కిరణ్మయితో.

"ఎవరు చేస్తారండి? ఎందుకు చేస్తారు?" అంది ఆవిడ.

"ఎందుకో తర్వాత తేలుతుంది. ముందు కెమెరా చూద్దాం."

మొదటి రెండు వారాల రికార్డింగు అప్పటికే చెరిగిపోయింది. మూడో వారానిది ఉంది. శనివారం పొద్దున ఎనిమిదింటికి సత్తెమ్మ చీపురుతో ల్యాబులోకి వచ్చింది. ఆరేళ్లుగా ఆ అంతస్తు ఊడ్చేది ఆమే. బల్ల దగ్గర ఆగింది. అటూ ఇటూ చూసింది. వంగి, బోర్డు ప్లగ్గు పీకేసి వెళ్లిపోయింది.

"చూశారా!" అన్నాడు యజ్ఞనారాయణ. వంకాయను కూడా తిప్పి చూసే మనిషి ఆ వీడియోను మాత్రం ఇంకోసారి చూడలేదు.

మధ్యాహ్నానికల్లా హౌస్‌కీపింగ్ ఏజెన్సీ సూపర్‌వైజర్ రాజేందర్ ఆమె మెడలోని కార్డు తీసేసుకున్నాడు. ఆ ఏజెన్సీ శేరిలింగంపల్లిలో సగం భవనాలకు మనుషుల్ని పంపుతుంది. దాని జాబితాలో పేరెక్కితే ఇక ఏ గేటులోనూ అడుగుపెట్టే దారి లేదు. సాయంత్రం సెల్లారులో టిఫిన్ డబ్బా పట్టుకుని నిలబడ్డ సత్తెమ్మ, లిఫ్టు దిగిన యజ్ఞనారాయణను చూసి ఒక అడుగు ముందుకు వేసింది. ఏదో చెప్పబోయింది. ఆయన ఫోనులోకి చూస్తూ నడిచిపోయాడు.

ఆ శుక్రవారం కొత్త బోర్డు పెట్టి, ల్యాబుకు తాళం వేసి, తాళం రెండుసార్లు లాగి చూసి, తాళంచెవి జేబులో వేసుకుని మరీ ఇంటికి వెళ్లాడు. సోమవారం వచ్చి చూస్తే బోర్డు చచ్చి ఉంది.

బోర్డు చెప్పే ప్రతి మాటనూ పక్క కంప్యూటర్ రాసి పెడుతుంది. అది మొదటే చూడాల్సింది. కెమెరా బొమ్మ దొరికిందన్న సంబరంలో ఎవరికీ గుర్తు రాలేదు, ఆయనకు అసలే రాలేదు. ఇప్పుడు తెరిచి చూశాడు. రెండు రోజుల్లో బోర్డు ఆరిపోయి వెలిగింది మూడు వందల మూడుసార్లు. బల్ల కిందికి దూరి సాకెట్టు మీద చెయ్యి పెట్టాడు. ప్లగ్గు వదులుగా ఊగింది. దాని చుట్టూ నల్లగా కమిలి ఉంది.

వెనకటి వారం రాతలు తీశాడు. శుక్రవారం రాత్రంతా బోర్డు ఆరుతూ వెలుగుతూ నానా యాతన పడింది. శనివారం పొద్దున ఎనిమిదింటి తర్వాత ఒక్క అక్షరం కూడా లేదు. సత్తెమ్మ ప్లగ్గు పీకింది అప్పుడే. అప్పటికే జాబితా నిండిపోయింది.

దాన్ని నింపింది ఎవరు? కరెంటు పోయిన ప్రతిసారీ, సగం చెరిగిన స్థితిలో ఒక బ్లాకు దొరికిపోయేది. బోర్డు మళ్లీ వెలగగానే ఆ బ్లాకు తడబడేది. డ్రైవర్ దాన్ని జాబితాలో వేసేసేది. యజ్ఞనారాయణ ఆ చెడ్డ బ్లాకులన్నిటినీ ఒక్కొక్కటిగా మళ్లీ అడిగి చూశాడు. మూడు వందల పదకొండులో మూడు వందల మూడు నిక్షేపంగా ఉన్నాయి. ఆయనకు సిగ్గేసింది. పక్కన ఎవరూ లేకపోయినా తల ఎత్తలేకపోయాడు.

నేరుగా సెల్లారుకు వెళ్లి రాజేందర్‌ను పట్టుకున్నాడు.

"ప్లగ్గు ఎందుకు పీకిందో ఆవిడ నీకేమైనా చెప్పిందా?"

"చెప్పింది సార్. ప్లగ్గులకెల్లి నిప్పులు రాల్తున్నయ్, కమురు వాసనొస్తుంది అన్నది."

"మరి నాకెందుకు చెప్పలేదయ్యా?"

రాజేందర్ ఆయన వంక వింతగా చూశాడు. "మీరే కదా సార్ వీడియో చూపెట్టింది. ఇగ నేనేం జెప్పాలె?"

"సరే, తప్పు మాదే. జాబితాలోంచి ఆవిడ పేరు తీసెయ్."

"ఎక్కిచ్చుడే మా చేతిలుంటది సార్. తీసుడు లేదు. గసొంటి ఆప్షనే లేదు."

యజ్ఞనారాయణ డ్రైవర్లోనూ అలాంటిది లేదు. బ్లాకును జాబితాలో ఎక్కించే ఫంక్షను తన చేత్తోనే రాశాడు. తీసేసే ఫంక్షను రాయాలన్న ఆలోచనే ఎన్నడూ రాలేదు.

తప్పు మాదని కంపెనీ నుంచి ఉత్తరం వస్తే పైవాళ్లతో మాట్లాడతానన్నాడు రాజేందర్. ఉత్తరం ముసాయిదా చూసి కిరణ్మయి నుదురు చిట్లించింది. "డ్రైవర్లో లోపం అని రాశారు. ఇది క్లయింటు కంట పడితే మీ పేరే పైకి వస్తుందండి. ఈసారి ప్రమోషన్ సంగతి మర్చిపోవాల్సిందే."

"వైరింగ్ లోపం అని కూడా రాశాను కదండి."

"దాని కింద సంతకం మీది."

"నాదే అయ్యుండాలండి" అన్నాడు. ఆయన ప్రమోషన్ అక్కడితో ఆగింది.

సత్తెమ్మ తిరిగి రావడానికి పదిహేడు రోజులు పట్టింది. వచ్చిన మొదటి రోజు పొద్దున ల్యాబు గుమ్మం దగ్గరే ఆగిపోయింది. లోపల యజ్ఞనారాయణ ఒక్కడే ఉన్నాడు.

"రామ్మా" అన్నాడు.

"నువ్వు ఈడ నిలబడు సారూ. నువ్వు జూస్తుండంగనే ఊడుస్త."

ఆయన లేచి వెళ్లి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. ఆమె బల్ల చుట్టూ జానెడు జాగా వదిలి ఊడ్చింది. ఆ జాగాలో దుమ్ము అలాగే ఉండిపోయింది.

"సత్తెమ్మా, ఆ రోజు ప్లగ్గు పీకి మంచి పని చేశావు. నిన్ను అడక్కుండా మాట అన్నాను. తప్పు నాదే" అన్నాడు. ఆమె వింటూనే ఊడ్చింది.

ఆయన ఇంకో మాట మొదలుపెట్టాడు. అప్పటికే డ్రైవర్‌ను సరిదిద్దాడు. ఇప్పుడది తడబడిన బ్లాకును రెండోసారి అడుగుతుంది, పొరపాటున ఎక్కిన పేరును జాబితాలోంచి తీసేస్తుంది. ఇలాంటి దిద్దుబాటును కెర్నెల్ వాళ్లకు పంపేటప్పుడు, లోపాన్ని ముందుగా పసిగట్టిన మనిషి పేరు అడుగున ఒక వరుసలో రాయడం అక్కడి మర్యాద. ఆ మనిషి ఒప్పుకుంటేనే రాయాలి. ప్రపంచమంతా చదువుకునే చోట ఆ పేరు ఎప్పటికీ ఉంటుంది. ఇదంతా తనకు చేతనైనంత తేలికగా ఆమెకు చెప్పాడు.

"నీ పేరు రాస్తానమ్మా. ఒప్పుకుంటావా?"

సత్తెమ్మ చీపురు గోడకు ఆనించి, మొదటిసారి ఆయన ముఖంలోకి చూసింది.

"ఒక లిస్టుల రాపిచ్చినవ్ గద సారూ నా పేరు. సాలదా? ఏడా రాయకు."

"ఇది మంచి జాబితా అమ్మా."

"గది నువ్వంటున్నవ్."

ఆమె చెత్త ఎత్తుకుని పక్క గదికి వెళ్లిపోయింది. యజ్ఞనారాయణ ఆ వరుస చెరిపేసి, లోపమున్న పాత నియమం రాసినవాడిగా తన పేరు ఉన్న వరుసను మాత్రం ఉంచి, దిద్దుబాటు పంపించాడు.

మర్నాడు పొద్దున ఎనిమిదింటికి ఆమె మళ్లీ ల్యాబు గుమ్మం దగ్గర ఆగింది. పిలవకుండానే ఆయన లేచి వచ్చి, ఊడ్చడం అయిపోయేదాకా నిలబడ్డాడు.