పంగై రేవులో మరిచిన పిల్ల

మా పిన్ని కూతురు మెలెనైటె మొగుడి పేరు ఇసిలేలి. వవావు దీవిలో మా చర్చి సంఘానికి పెద్ద. అతను ప్రార్థన మొదలుపెట్టాడంటే మట్టిపొయ్యిలో దుంపలు మాడాల్సిందే. గొంతు మంచిదే, కాదనను. ఆ గొంతు తప్ప ఇంకొకరికి పనికొచ్చేది అతనిలో ఏదీ పదేళ్లలో నా కంట పడలేదు. నలుగురు పిల్లల్ని కన్నాడు. ఒక్కడి ముక్కు తుడిచిన పాపాన పోలేదు.

ఏటా రాజధాని నుకుఅలోఫాలో సంఘాల మహాసభ జరుగుతుంది. వేదిక మీద పేరు చదివేటప్పుడు "కుటుంబ సమేతంగా విచ్చేశారు" అనిపించుకోవడం అతనికి మహా ఇష్టం. ఆ ఒక్క మాట కోసం పాలు తాగే పిల్లతో సహా అందర్నీ ఓడెక్కించాడు. ఒంటరిగా చెల్లెలు వేగలేదని నేనూ బయల్దేరాను.

ఓడలో అతను పాస్టర్లతో కలిసి ముందు గదిలో కూర్చున్నాడు. మేము పైన, గాలికి, చాప మీద. మూడేళ్లవాడు ఆగకుండా కక్కుతుంటే కబురు పంపాం. వచ్చాడు. వాడి తల మీద చెయ్యి పెట్టి ప్రార్థించాడు. తడైన ఆ చేతిని పెళ్లాం పావడాకే తుడుచుకుని మళ్లీ లోపలికి పోయాడు.

పొద్దున ఓడ దారిలో ఇంకో దీవిలోని పంగై రేవులో ఆగింది. సరుకు దించడానికి రెండు గంటలు పడుతుందన్నారు.

"ఏమండీ, లోసెని కాస్త కిందకి దింపి నడిపించుకు రండి. కదలకుండా కూర్చుని కూర్చుని దాని కాళ్లు పట్టేశాయి. చెయ్యి మాత్రం వదలకండి" అంది మెలెనైటె. లోసెకి అయిదేళ్లు.

"నేనుండగా నీకెందుకే భయం?" అని పిల్ల చెయ్యి పట్టుకుని దిగాడు.

రేవులో పంగై సంఘంవాళ్లు పాస్టర్లకి ఎదురొచ్చారు. కీర్తన ఎత్తుకున్నారు. కీర్తన వినబడితే ఇసిలేలి ఆగుతాడా? ఓడ కూతపెట్టేసరికి అందరితో పాటు చేతులూపుకుంటూ ఎక్కేశాడు. అప్పుడు నేను వెనక కుళాయి దగ్గర కక్కిన గుడ్డలు ఉతుకుతున్నాను. మెలెనైటె చంటిదాన్ని భుజానేసుకుని కూర్చున్నచోటే నిద్రపోయింది. పిల్ల తండ్రి దగ్గర ఉందనుకున్నాం. చూడకపోవడం నా తప్పే, ఒప్పుకుంటాను.

మధ్యాహ్నం మెలెనైటె పెద్దాడి చేతికి చేమాకులో చుట్టి వండిన కూర పొట్లాలు రెండిచ్చి, "ఒకటి నాన్నకి, ఒకటి లోసెకి" అని పంపింది. గది తలుపు దగ్గర పాస్టరమ్మ అందుకుని లోపలికిచ్చిందట. ఇక మాకు అనుమానమే రాలేదు.

సాయంత్రం నుకుఅలోఫా కనబడగానే స్తోత్ర ప్రార్థనకని పైకొచ్చాడు. కళ్లు మూసుకుని, "ప్రభువా, నీవు నాకిచ్చిన నలుగురు బిడ్డలనూ క్షేమంగా..." అని ఎత్తుకున్నాడు.

మెలెనైటె కళ్లు తెరిచింది. "లోసె ఏదండీ?"

"నీ దగ్గర లేదా?"

"నా దగ్గరెక్కడిది? మీరేగా తీసుకెళ్లారు! మరి రెండో పొట్లం ఎవరు తిన్నారు?"

"నాకే రెండు పంపావనుకున్నాను" అన్నాడు.

మెలెనైటె చంటిదాన్ని నా చేతిలో పెట్టి పాస్టర్ల వైపు పరుగెత్తింది. ఒక పాస్టరు గబగబా పంగైకి ఫోన్ చేశాడు. రేవులో కర్రపెండలం దుంపలమ్మే ఉంగటేయ అనే ఆవిడ దగ్గర పిల్ల క్షేమంగా ఉందని తెలిసింది. అప్పుడు ఏడ్చింది నా చెల్లెలు.

ఇసిలేలి ముఖం వెలిగిపోయింది. చుట్టూ చేరినవాళ్లకి వినబడేలా, "స్తోత్రం! యోసేపు మరియలు కూడా పండగ ప్రయాణంలో యేసుబాలుణ్ణి విడిచి ఒకరోజు దూరం పోలేదా?" అన్నాడు.

"యోసేపు వెనక్కెళ్లి వెతికాడు. నువ్వెళతావా?" అంది మెలెనైటె.

పదేళ్ల కాపురంలో ఆమె నోట 'నువ్వు' వినడం నాకదే మొదలు. అతనికీ అదే మొదలు.

"రేపు ప్రారంభ సభలో వాక్యం చదవాలే. రెండ్రోజుల్లో ఎవరో ఒకరు తీసుకొస్తారు..."

"చదువుకో."

మర్నాడు అదే ఓడలో చంటిదాన్నెత్తుకుని వెనక్కెళ్లిపోయింది. మగపిల్లలిద్దరూ తండ్రి పాలపడ్డారు. నేను కల్పించుకోకూడదని ఒట్టు పెట్టుకుని సభకి ఎదురు వసారాలో కూర్చున్నాను. మధ్యాహ్నానికి సభలోంచి పరుగున వచ్చాడు. పెద్ద సభలకి మావాళ్లు బట్టల మీద నడుముకు చుట్టుకునే పండగ చాపంతా ఎత్తుకున్న చిన్నాడు పాడుచేశాడు.

"వదినా, వీణ్ణి కాస్త పట్టుకో!"

"ప్రార్థన చెయ్యి మరిదీ, అదే ఆరిపోతుంది" అన్నాను.

వాడు వెక్కి వెక్కి ఏడుస్తుంటే చివరికి నేనే కడిగాను. వాడి కోసం, వాళ్ల నాన్న కోసం కాదు.

మూడో రోజు వేదికెక్కి సాక్ష్యం చెప్పాడు. ఏం చెప్పాడనుకున్నారు? కన్నకొడుకుని బలివ్వబోయిన అబ్రాహాము తాను, ఆ కొడుకు ఇస్సాకు తన బిడ్డ! దేవుడు తన విశ్వాసాన్ని పరీక్షించాడట. ఆడవాళ్లు కళ్లొత్తుకున్నారు. ఉంగటేయ పేరు మాటవరసకైనా ఎత్తలేదు. నేను లేచి బయటకొచ్చేశాను.

పంగైలో జరిగింది తర్వాత మెలెనైటె చెప్పింది. లోసె ఏడవలేదట. "నాన్న ప్రార్థన అయ్యాక వస్తాడు" అంటూ పొద్దుగూకేదాకా సముద్రం వైపు చూస్తూ కూర్చుందట. ఉంగటేయ దుంపలబుట్ట పక్కన పెట్టి, పిల్లని ఒళ్లోనే ఉంచుకుంది. ఆదివారం గుడికి సగం కీర్తనలయ్యాక వచ్చే మనిషట ఆవిడ. పాస్టర్లకి ఆవిడంటే చిన్నచూపు.

మెలెనైటె నుకుఅలోఫా తిరిగి రాలేదు. పంగై నుంచే ఇంటికెళ్లిపోయింది. మగపిల్లల్ని నేను తీసుకొచ్చాను. మొగుణ్ణి వదిలేయలేదు. ప్రార్థనా మానలేదు. కానీ రాత్రి కుటుంబ ప్రార్థన ఇప్పుడు ఆమే చేస్తుంది. నాలుగు ముక్కల్లో ముగించి పిల్లలకి అన్నం పెడుతుంది.

ఇసిలేలికి మాత్రం ఏం లోటు రాలేదు. ఆ సాక్ష్యంతో పేరు ఇంకా పెరిగింది. ఏటా మహాసభకి ఒక్కడే పోతున్నాడు. "నా కుటుంబాన్ని ప్రభువు చేతికి అప్పగించి వచ్చాను" అంటాడట. ప్రభువు చేతులనుకుంటున్నాడు. అవి మా చెల్లెలి చేతులు.

బడి సెలవులొస్తే మెలెనైటె పిల్లల్ని తీసుకుని పంగైకి వెళుతుంది. ఉంగటేయ ఇంట్లో వారం ఉంటారు. ఆదివారం అందరూ గుడికెళ్లి వెనక బల్ల మీద కూర్చుంటారు. పిల్లలు నిద్రపోతే నిద్రపోనిస్తారు. ఇసిలేలిని రమ్మని ఆమె ఎప్పుడూ పిలవలేదు. వస్తానని అతనూ అనలేదు.