పేరు మధ్యలో ఖాళీ

భీమవరంలో రొయ్యల చెరువుల నీళ్లు పరీక్షించే ఒక ప్రైవేటు ల్యాబులో కంప్యూటర్లు చూసుకునేది ఉమాశ్రీ. రోజూ పెనుగొండ నుంచి బస్సులో వస్తుంది. ప్రింటర్ మొరాయించినా, నెట్ ఆగినా, చివరికి కరెంటు పోయినా అందరూ ఆమె వైపే చూస్తారు.

ఆ సోమవారం ఆమె బ్యాగు కింద పెట్టకముందే అమ్మిరాజు గారు వచ్చి కూర్చున్నారు. ఆయనకు రెండు చెరువులు. తూర్పు చెరువు నీళ్లు గురువారం ఇచ్చి వెళ్లారు. రిపోర్టు ఫోన్‌కి రాలేదు. అడిగితే పంపేశామన్నారట. ఏదైనా తేడా ఉంటే వీళ్లే చెబుతారులే అనుకుని ఊరుకున్నారు. ఆదివారం తెల్లారేసరికి రొయ్యలు గట్టు వెంబడి తేలుతున్నాయి.

“పంపామన్నారు కదండి. నేనే ఇంకోసారి అడగాల్సింది,” అన్నారాయన.

ఆయన కోప్పడి ఉంటే బాగుండేదనిపించింది ఉమాశ్రీకి. ఏం జరిగిందో చూడమని యజమాని శ్రీనివాసరాజు గారు చెప్పి తన గదిలోకి వెళ్లిపోయారు.

రిపోర్టులు పంపేది ఒక షెల్ స్క్రిప్టు, అంటే కంప్యూటరుకు వరుసగా పనులు చెప్పే చిన్న ప్రోగ్రాం. ఉమాశ్రీ చేరకముందు ఎవరో రాసి వెళ్లారు. ఫోల్డరులో ఉన్న ఫైళ్లను, పేరేదైనా సరే అని చెప్పే నక్షత్రం గుర్తుతో ఏరి, ఒక్కొక్కటే రైతులకు పంపుతుంది. తప్పు వస్తే తెర మీద చూపించకుండా నోరు నొక్కే వరుస కూడా అందులో ఉంది. ఏది ఆగిపోయినా చివర్లో మాత్రం ‘అన్నీ పంపబడ్డాయి’ అంటుంది.

ఆ వరుస తీసేసి మళ్లీ నడిపింది. అమ్మిరాజు అనే ఫైలు లేదంది. తూర్పు అనే ఫైలూ లేదంది. ‘అమ్మిరాజు తూర్పు’ అన్న ఒక్క ఫైలు పేరును రెండుగా చదువుతోందని అప్పుడర్థమైంది. ఇదివరకు రైతు పేరు, చెరువు పేరు కలిపి రాసేవారు. రిపోర్టు చూడ్డానికి బాగుండాలని ఈమధ్యే మధ్యలో ఖాళీ వదులుతున్నారు. నక్షత్రం గుర్తు ఫైలును సరిగానే పట్టుకుంటోంది. పంపేచోట పేరుకు కొటేషన్ గుర్తులు లేక, ఖాళీ దగ్గర రెండు ముక్కలవుతోంది. చెరువు పేరు రాయనక్కర్లేని, ఒకే చెరువున్నవాళ్లకు అన్నీ సక్రమంగా అందుతుండడంతో ఎవరికీ అనుమానం రాలేదు.

అటొకటి ఇటొకటి గుర్తులు పెట్టింది. ఆగిపోయిన రిపోర్టులన్నీ కదిలాయి. అనుమానం తీరక ఖాళీ ఫోల్డరు మీద నడిపి చూసింది. ఏ ఫైలూ దొరక్కపోతే నక్షత్రం గుర్తునే ఫైలు పేరనుకుని పంపబోతోంది. అదీ సరిచేసింది. అప్పటికి క్యారేజీలో అన్నం చల్లారిపోయింది.

“ఇంతేనా అమ్మా?” అన్నారు శ్రీనివాసరాజు గారు.

“ఇంతేనండి,” అంది. అంతకుమించి చెప్పే ఓపిక లేదు.

అమ్మిరాజు గారి రిపోర్టులో అమోనియా ఎక్కువని స్పష్టంగానే ఉంది. శుక్రవారం తెలిసుంటే నీళ్లు మార్చేవారు. చేసేది లేక ఆ వారమే, ఎదగని రొయ్యల్నే పట్టించేశారు. పడమటి చెరువు శాంపిల్ తెచ్చినప్పుడు మాత్రం, మెసేజ్ వచ్చినా నమ్మలేనని, ఫోన్ చేసి ఒక్క మాట చెప్పమని ఉమాశ్రీని అడిగారు. కాదనలేకపోయింది. అది విని మిగతా రైతులూ అడిగారు.

ఇప్పుడు స్క్రిప్టు తప్పు చేయడం లేదు. అయినా మధ్యాహ్నాలు ఉమాశ్రీ ఒక్కొక్కరికీ ఫోన్ చేస్తూనే ఉంది. “రిపోర్టు వచ్చిందాండి?” అంటుంది. వచ్చిందని వాళ్ల నోట విన్నాకే ఇంకో నంబరు నొక్కుతుంది.