సైకిళ్లు మార్చుకున్న పొద్దు

మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే చెబుతున్నాను. ఇన్నేళ్లుగా నా గుండె మీద ఒక మనిషి కుంటుతూ నడుస్తున్నాడు. ఇక మోయలేను.

ఆంధ్రప్రదేశ్ కొత్తగా ఏర్పడిన రోజులు. మాది రాజుపాలెం పక్కన పల్లె. నేనూ, మా వీధిలోనే ఉండే మస్తానూ రోజూ సైకిళ్ల మీద ప్రొద్దుటూరు పత్తిమిల్లుకు పనికి పోయేవాళ్లం. రేగడి దోవ, మధ్యలో ఒక వంక, చిన్న వాగు, దాటాలి. దుమ్ముకు అందరూ కళ్లు మాత్రం వదిలి మొహానికి తువ్వాలు చుట్టుకునేవాళ్లు. ఆ దోవలో మనిషిని మొహం చూసి కాదు, సైకిలు చూసి గుర్తుపట్టేవాళ్లు. నాది ఆకుపచ్చ సైకిలు, చక్రాలకు ఎర్ర కుచ్చులు. అలాంటి బండి ఆ చుట్టుపక్కల ఇంకొకటి లేదు.

ఆ ఏడు చేని గట్టు తగాదాలో ఎదుటివాళ్ల పెద్దకొడుకు తల పగలగొట్టాను. మగతనం అనుకున్నాను. వాళ్లు ఊరుకుంటారా? ఒకరోజు తెల్లవారగానే మా చిన్నాయన పరుగున వచ్చాడు.

"ఒరే, వంక కాడ ముగ్గురు కొడవళ్లు పట్టుకోని కాచుకోనుండారు. ఈ పొద్దు పనికి పోవాకు."

మానుకోవచ్చు. కానీ ఇంట్లో దాక్కున్నాడంటారని రోషం. పోతే చస్తానని భయం. అంతలో మస్తాను వచ్చాడు.

"మస్తానూ, ఈ పొద్దు నా బండి తొక్కుతావా?" అన్నాను.

"ఏంది మామా, నిజంగానే ఇస్తాండావా!" వాడి మొహం వెలిగిపోయింది. ఆ మొహానికే తువ్వాలు చుట్టుకున్నాడు.

వాడు ముందు, వాడి పాత బండి మీద నేను వెనక. వంక ఇంకాస్త దూరముందనగా చైను ఊడిందని కేక వేశాను. "నిదానంగా రా మామా, వంక దాటి నిలబడ్తా" అంటూ సాగిపోయాడు.

ఆగమని ఎందుకు అనలేదు? తువ్వాలు తీసి చూస్తారులే, వదిలేస్తారులే అనుకున్నాను. నిజంగా అనుకున్నానా? కొడవలి పట్టుకుని కాచుకున్నవాడు ముందు తువ్వాలు తీస్తాడా, నరుకుతాడా? గట్టు మీద ఆ తల పగలగొట్టినప్పుడు నేను ఆగి చూశానా?

కంపచెట్ల చాటు నుంచి చూశాను. చక్రంలోకి కట్టె పొడిచారు. వాడు బోర్లా పడ్డాడు. కొడవలి మోకాలి మీద దిగింది. మళ్లీ అక్కడే. ఎముక విరిగిన చప్పుడు నా దాకా వచ్చింది. "నేను మస్తాన్ని అప్పా, మస్తాన్ని!" అని తువ్వాలులోంచి అరుస్తూనే ఉన్నాడు. ఇంకో రెండు దెబ్బలు పడ్డాక గానీ తువ్వాలు లాగలేదు. "థూ, వీడు గాదురా!" అన్నాడొకడు. చేలకు అడ్డంపడి పారిపోయారు. నల్లరేగడిలో నెత్తురు ఎర్రగా కనబడదు. తడిగా కనబడుతుంది.

ఆసుపత్రిలో కళ్లు తెరిచి వాడన్న మొదటి మాట: "మామా, నీ సైకిలు ఇరగ్గొట్టిరి. ఏమనుకోవాకప్పా."

"పోనీలేరా" అన్నాను. పోనీలేరా! ఈ నోటితోనే.

ఆ కాలు మళ్లీ వంగలేదు. మిల్లులో కూర్చుని పత్తి ఏరే పని ఇచ్చారు. పదకొండేళ్లు వాణ్ణి నా వెనక కూర్చోబెట్టుకుని తొక్కాను. తోడబుట్టినవాడు కూడా ఇంత చేయడని ఊరంతా మెచ్చుకుంది. మెచ్చుకున్నప్పుడల్లా నోరు పగలగొట్టాలనిపించేది, నాది కాదు, వాళ్లది. అదీ నా బుద్ధి. వంక రాగానే వాడు నా నడుం గట్టిగా పట్టుకుని అనేవాడు: "ఆ పొద్దు చైను ఊడబట్టి నువ్వన్నా బతికితివి మామా."

వాడు పోయాడు. చెప్పకుండానే పోనిచ్చాను. క్షమించమని మిమ్మల్ని అడగను, అడగవలసినవాడు మట్టిలో ఉన్నాడు. ఒక్క మాట మిగిలింది. పోలీసులకూ, మస్తానుకూ, చైను ఊడిందనే చెప్పాను. మీకూ ఇందాక అలాగే రాశాను. అది ఊడలేదు. దిగి, వేళ్లతో లాగి, నేనే ఊడదీశాను.

రాశాను. ఇప్పుడు కాస్త ఊపిరి ఆడుతోంది.