ఆవిడ పేరు పెట్టి పిలిచింది

డెబ్బై ఒకటి డిసెంబరులో, యుద్ధం మొదలయ్యాక ఒక మిట్టమధ్యాహ్నం, ట్రక్కు మా సెక్షన్‌ని విశాఖ రేవుకి ఉత్తరాన ఇసుకలో దింపింది. వెనక సరుగుడు తోట, ముందు సముద్రం, కుడివైపు దూరంగా యారాడ కొండ. మాకిచ్చినవి రైఫిళ్లు, ఒక లైట్ మెషిన్ గన్, ఇసుక బస్తాలు, మంచు కొండల్లో వేసుకునే ఉన్ని కోట్లు. విశాఖలో ఉన్ని కోటు! మడిచి తలకింద పెట్టుకున్నాం. మా ఊరు పద్మనాభం అక్కడికి ఒక పూట ప్రయాణం కూడా కాదు. దేశమంతా తిప్పి చివరికి ఇంటి గుమ్మం ముందే కాపలా పెట్టారని నవ్వుకున్నాను.

ఆర్డరు చిన్నదే. పొద్దుగూకాక ఒడ్డున దీపం వెలగకూడదు. తీరానికొచ్చే పడవని మూడుసార్లు పిలవాలి. పలక్కపోతే కాల్చాలి.

రెండోనాడు గాలి ఎదురు తిరిగింది. పొద్దున వెళ్లిన తెప్పలు చీకటిపడినా రాలేదు. బెస్తవాడలోంచి ఒకావిడ లాంతరు పట్టుకుని పరిగెత్తుకొచ్చింది. గన్నర్ దాన్ని ఆర్పేశాడు.

“బాబూ, మా ఇంటాయన ఇంకా రానేదు. దీపం నేకపోతే ఒడ్డెలగ తెలుత్తాది?”

“దీపం ఒద్దమ్మా. నాను కేకేత్తాను. ఆయన పేరేటి?” అన్నాను.

ఆవిడ తల దించుకుంది. “మొగుడి పేరు నోటితో ఎలగ సెప్తాం బాబూ? సింహాచలం కొండ మీద సామి పేరే.”

“అప్పన్నా!” అని అరిచాను. పంజాబీ హవల్దారూ, గన్నరూ తమకు వచ్చినట్టు అరిచారు. చీకట్లోంచి “ఓయ్” అని రెండు గొంతులు పలికాయి. రెండు తెప్పలు ఒడ్డెక్కాయి. ఇద్దరూ అప్పన్నలే. ఇద్దరూ ఆవిడ అప్పన్న కాదు. మా వైపు ఇంటికో అప్పన్న ఉంటాడని హవల్దారుకి ఎలా చెప్పను?

అప్పుడు నీళ్ల మీద మూడో నీడ కనిపించింది. పిలిచాం. జవాబు లేదు. మళ్లీ పిలిచాం. లేదు.

“ఇంకొక్కసారే. ఆ తర్వాత నా చేతిలో లేదు,” అన్నాడు హవల్దారు హిందీలో. గన్నర్ గన్ను సిద్ధం చేసిన చప్పుడు ఆవిడా విన్నది.

మూడో పిలుపు మాకు దక్కలేదు. ఆవిడ మొలలోతు నీళ్లలోకి ఉరికి, గొంతు చించుకుని అరిచింది.

“అప్పన్నా! పలకయ్యా, అప్పన్నా!”

కాసేపు అలల హోరే. ఆ తర్వాత ఒక కోపపు గొంతు. “ఎవుర్తే అది? మొగుణ్ని పేరెట్టి పిలత్తన్నావేటే!”

హవల్దారుకి తెలుగు రాదు. పెళ్లాం మీద అరిచే మొగుడి గొంతు పంజాబులోనూ అలాగే ఉంటుంది కాబోలు, గన్నర్ చెయ్యి పక్కకి నెట్టి పగలబడి నవ్వాడు.

తెప్ప దిగాక అడిగాను. “ముందే పలకొచ్చు గదా బావా?”

“మిలట్రీ గొంతులు పేరెట్టి పిలిత్తే ఎవుడు పలుకుతాడు బావా? పలికితే కాలుత్తారనుకున్నాం.”

అంతకుముందు నాకు దేశమంటే గోడ మీద మ్యాపు. ఆ రోజు నుంచి ఆ మొగుడూ పెళ్లాలే. మా గన్ను పేలనందుకు ఈనాటికీ కొండ మీది అప్పన్నకి దణ్ణం పెట్టుకుంటాను.

యుద్ధం ఆగింది. సెలవు దొరికితే బస్సెక్కి ఇంటికెళ్లాను. జరిగిందంతా చెప్పి, ఒక్కసారి నన్నూ పేరుతో పిలవమని మా ఆవిణ్ని అడిగాను. “సాల్లే, సిగ్గునేదూ,” అని గరిటె చూపించింది.

ఇన్నేళ్లయినా ఒకటే కళ్లకు కట్టినట్టుంటుంది. తెప్ప ఒడ్డు తాకింది. ఆవిడ మాత్రం నీళ్లలోనే నిలబడి, తడి కొంగుతో నోరు మూసుకుని, వాడలోవాళ్లు ఎవరైనా విన్నారేమోనని చుట్టూ చూసుకుంటోంది.