దానమ్మ గారి గిన్నె మర్యాద

దానమ్మ గారు ఎవరి గిన్నెనూ ఖాళీగా తిరిగి ఇచ్చిన పాపాన పోలేదు.

పక్కింటి గిన్నె మనింటికొస్తే అందులో ఏదో ఒకటి వేసి పంపడం మన వైపు అందరికీ ఉన్న అలవాటే. గుప్పెడు పంచదారో, నాలుగు పచ్చిమిరపకాయలో వేసి చేతులు దులుపుకుంటాం. దానమ్మ గారికి అది అలవాటు కాదు, వ్రతం. పోనీ గిన్నెలతో ఆగితే ఎవరికీ ఇబ్బంది లేకపోను. భవానీపురంలో ఆవిడ మేడ కింది వాటాలో అద్దెకున్న ముస్తాక్ ఒకసారి వానలో గొడుగు అరువిచ్చాడు. మర్నాడు అది మడతల నిండా కరివేపాకుతో తిరిగొచ్చింది. పాపం అతను చూసుకోలేదు. వన్ టౌన్‌లో తను పనిచేసే స్టీలు సామాను కొట్టు ముందు ఠపీమని విప్పాడు. ఎదురుగా ఉన్న యజమాని నెత్తిన రెబ్బలన్నీ అక్షింతల్లా రాలాయి. ఆ తర్వాత హెల్మెట్ ఇస్తే జామకాయలతో వచ్చింది. అప్పట్నుంచీ ముస్తాక్ ఆవిడ దగ్గర్నుంచి ఏది తిరిగొచ్చినా బోర్లించి, దులిపి, అప్పుడు వాడుకునేవాడు.

ఎందుకు ఆంటీ ఇవన్నీ అని అతని భార్య సల్మా మొహమాటపడితే ఆవిడది ఒకటే జవాబు.

"ఖాళీది చేతికిస్తే మళ్ళీ రావద్దని చెప్పినట్టమ్మాయ్."

టెలిఫోన్ ఆఫీసులో రిటైరైన మనిషి. ఒంటరిగా ఉండేది. మోకాళ్ళ నొప్పులు. మెట్లు దిగడమే గొప్ప, కాబట్టి కింది వాటా గడప దాటి వంటింటి దాకా వచ్చేది కాదు. గుమ్మంలో ఆడుకుంటున్న తారిక్ చేతికే డబ్బా ఇచ్చేసి, "బుజ్జి దొరా, అమ్మకిచ్చెయ్" అని వెనక్కి తిరిగేది. తారిక్ ముస్తాక్ కొడుకు, ఏడాదిన్నర వాడు. వాడు ఆ డబ్బాని ముందు మద్దెలగా వాయించి, తర్వాత బండిగా తోసి, ఎప్పుడో బుద్ధి పుట్టినప్పుడు వంటింటికి చేరవేసేవాడు.

ఒక శుక్రవారం మధ్యాహ్నం, పైకి పంపిన బిర్యానీ క్యారేజీ తిరిగొచ్చిన కాసేపటికి, వాడి ఒళ్ళంతా దద్దుర్లు లేచాయి. పొట్ట మీద, మెడ మీద, చెవుల వెనక, దోమల గుంపు విందు చేసుకున్నట్టు ఎర్రగా, ఉబ్బెత్తుగా ఉన్నాయి. పిల్లల డాక్టరు వినీల గారు చూసి, ఏదో తిండి పడటం లేదన్నారు. సిరప్ రాసిచ్చి, ప్రస్తుతానికి గుడ్డు ఒక్కటీ ఆపి చూద్దామన్నారు. పెదవులు వాచినా, ఊపిరి ఆడటం కష్టమైనా మాత్రం క్షణం ఆగకుండా పరిగెత్తుకు రమ్మన్నారు. సల్మా చెవుల్లో ఆ చివరి మాట ఒక్కటే నిలబడిపోయింది.

ఇంట్లో ఉన్న గుడ్లన్నీ డబ్బాలో పెట్టి దానమ్మ గారికి పంపేసింది. డబ్బా తిరిగొచ్చిన సాయంత్రమే మళ్ళీ దద్దుర్లు. అయితే గుడ్లు కావు, పల్లీలై ఉంటాయనుకుంది. డాక్టరు గారిని అడిగే ఓపిక కూడా లేకపోయింది. పల్లీలు మేడెక్కాయి. పల్లీల డబ్బా కిందికి దిగిన కాసేపటికి దద్దుర్లు. ఆ తర్వాత పాలు, పెరుగు. ఇంట్లో ఒక్కో వస్తువూ తగ్గుతున్న కొద్దీ పిల్లాడి ఒంటి మీద దద్దుర్లు పెరుగుతున్నాయి. చివరికి వాడికి మిగిలింది అన్నమూ పప్పుకట్టూ. బందరు నుంచి అత్తగారు సైదాబీ ఫోన్‌లో, అది దిష్టి తప్ప ఇంకోటి కాదని తేల్చేసింది. శుక్రవారం మొదలైంది గనక నమాజుకి రాసుకునే అత్తరు వల్లేనేమోనని ముస్తాక్ అత్తరు మానేశాడు. తర్వాత సబ్బు మానేశాడు. సబ్బు మానేశాక అతన్ని కాస్త దూరంగా పడుకోమని సల్మాయే చెప్పింది.

ఈ గొడవల మధ్య ఆమెకు ఇంకో ముల్లు గుచ్చుకుంటూ ఉంది. పైనుంచి డబ్బాలు ఖాళీగా వస్తున్నాయి.

వేరే ఎవరైనా అయితే పట్టించుకునేది కాదు. గొడుగు కూడా ఖాళీగా ఇవ్వని మనిషి. తారిక్‌కి ఏమీ పెట్టొద్దు ఆంటీ అని తను ఒక మాట అన్నందుకే ఆవిడ మనసు కష్టపెట్టుకుందని సల్మాకి అర్థమైంది. పోయి బతిమాలుకుందామనుకునేది. ఇంతలో పిల్లాడు గోక్కోవడం మొదలుపెట్టేవాడు.

పెరుగు గిన్నె దిగిన రోజున పిల్లాడి పై పెదవి వాచింది.

ముస్తాక్ కొట్టు నుంచి ఎలా వచ్చాడో అతనికే తెలియదు. ఆటోలో సల్మా దారి పొడవునా కొడుకు ముక్కు దగ్గర వేలు పెట్టుకునే కూర్చుంది. ఆసుపత్రిలో మందు పడి వాపు తగ్గాక డాక్టరు గారు వాణ్ణి తూచారు. తూకం చూసి మొహం చిట్లించారు.

"ఇన్నిటిని మాన్పించమని ఎవరు చెప్పారమ్మా? వీడు చిక్కిపోతున్నాడు. ఇలా ఊహించుకుంటూ ఒక్కోటీ తీసేస్తే దద్దుర్ల కంటే ముందు నీరసం వస్తుంది. అన్నం, పప్పుకట్టు మీదే ఉన్న పిల్లాడికి పెదవి వాచిందంటే, మీకు తెలియకుండా ఏదో లోపలికి పోతోంది. అదేమిటో చూడండి. ఈసారి పెదవితో ఆగుతుందని నేను చెప్పలేను."

తిరిగొచ్చేటప్పుడు సల్మా, ముస్తాక్ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. ఇద్దరికీ మేడ మీది మనిషి పేరే తోచింది. ఇంటికి రాగానే, ఎందుకైనా మంచిదని సల్మా రొయ్యల కూర కూడా పైకి పంపేసింది.

మర్నాడు పొద్దున దానమ్మ గారు మెట్టు మెట్టుకీ ప్రభువును తలుచుకుంటూ దిగింది. అలవాటు చొప్పున డబ్బా తారిక్ చేతికిచ్చి, వాడి పెదవి ఎలా ఉందని అడిగింది. సల్మా గుమ్మానికి అడ్డంగా నిలబడింది. రాత్రంతా కూడబలుక్కున్న మర్యాద మాటలన్నీ ఎగిరిపోయాయి.

"ఆంటీ, మీరు వీడికి ఏమన్నా పెడుతున్నారా?"

"వద్దన్నావు కదమ్మా. మెతుకు పెట్టలేదు. బైబిల్ తెమ్మంటావా?"

"పెట్టకపోతే ఎలా వస్తున్నాయండీ ఇవి? మా మీద కోపముంటే నన్ను తిట్టండి. మీకు కోపమని తెలుసు. గిన్నెలు ఖాళీగా పంపిస్తున్నారుగా."

దొంగచాటుగా తిండి పెట్టావన్న నిందకు చెక్కుచెదరని దానమ్మ గారు ఈ మాటకు గోడ పట్టుకుంది.

"ఖాళీగానా? నా చేతి గిన్నె ఖాళీగానా? గుడ్ల డబ్బాలో చిమ్మిలి పెట్టలేదూ? పల్లీల దాన్లో, పెరుగు గిన్నెలో పెట్టలేదూ? మూత బిగించి మరీ ఇచ్చాను కదే. ఇవాళ కూడా..."

మాట సగంలో ఆగింది. ఇద్దరూ ఒక్కసారే తలుపు వెనక్కి చూశారు.

స్టీలు సామాను కొట్లో పనిచేసేవాడి కొడుకు. పాకడం రాకముందే మూతలు తీయడం వచ్చు. తారిక్ డబ్బాని కాళ్ళ మధ్య ఇరికించుకుని, మూత పక్కన పెట్టి, నువ్వులూ బెల్లమూ కలిపి దంచిన చిమ్మిలి ఉండను నోటి దాకా తెచ్చాడు. సల్మా దూకింది. మోకాళ్ళ సంగతి మరిచిపోయి దానమ్మ గారూ దూకింది. ఉండ ఒకరి చేతికి, పిల్లాడి బుగ్గలో ముక్క ఇంకొకరి వేలికి దొరికాయి. నోరు కడిగారు. సిరప్ పోశారు. ముస్తాక్ ఆటో పిలిచి గేటు దగ్గర నిలబెట్టాడు. ముగ్గురూ నేల మీద కూర్చుని వాడి మొహం చూస్తూ ఉండిపోయారు. గడ్డం మీద ఒక దద్దురు లేచింది. దాని పక్కన ఇంకోటి. మూడోది లేవలేదు. చిమ్మిలి లాక్కున్నారన్న కోపంతో వాడు మాత్రం గేటు దాకా వినపడేలా ఏడుస్తున్నాడు. ఊపిరి అంత బాగా ఆడుతోందని అందరూ సంతోషించారు.

ఆటోలోకి ఎక్కబోతూ సల్మా అడగలేక అడిగింది. ఇన్ని రకాలుండగా ప్రతిసారీ చిమ్మిలే ఎందుకు చేశారు ఆంటీ అని.

దానమ్మ గారు కొంగుతో కళ్ళద్దాలు తుడుచుకుంది.

"వాడికా చేసింది? నీకమ్మాయ్, ఒంటికి బలమని. వాడికి మాన్పించినవల్లా నువ్వూ మానేశావు. మెడ ఎముకలు కనపడుతున్నాయి, ఎవరైనా చూశారా? తినమంటే తినవు. గిన్నెలో వస్తేనన్నా తింటావనుకున్నాను."

పరీక్షలో నువ్వులేనని తేలింది. డాక్టరు గారు చెప్పిన వరసలో, ఆవిడ కళ్ళ ముందే, గుడ్లూ పాలూ ఒక్కొక్కటే మళ్ళీ తారిక్ కంచంలోకి వచ్చాయి. అత్తరు తిరిగొచ్చింది, సబ్బు అంతకంటే ముందే వచ్చింది. దానమ్మ గారు ఇంట్లో నువ్వులన్నీ ఊడ్చి పారేసి, నువ్వుల నూనె సీసా కూడా అవతల పెట్టేసింది.

ఆ తర్వాత శుక్రవారం బిర్యానీ పైకి వెళ్ళింది. క్యారేజీ కిందికి దిగింది, చిన్న తాళం కప్పతో. తాళంచెవి సల్మా చేతికిచ్చి, మినపసున్ని చేశాను, నా ఎదురుగా తిను అంది.

తారిక్ మాత్రం తన వంతు కోసం రెండు చేతులూ చాచాడు. దానమ్మ గారు ఇబ్బందిలో పడింది. డాక్టరు గారినడక్కుండా వాడికి తినేదేదీ ఇవ్వకూడదు, ఖాళీది ఇవ్వడానికి చెయ్యి రాదు. ఆలోచించి ఆలోచించి, చిన్న డబ్బా మూత తీసి, అందులోకి వంగి "కూ" అని అరిచి, చప్పున మూత బిగించి వాడి చేతికిచ్చింది.

వాడు మూత తీశాడు. లోపలికి చూశాడు. చెవి పెట్టి విన్నాడు. కాసేపు ఆలోచించి, తనూ అందులో మొహం దూర్చి "కూ" అన్నాడు. మూత పెట్టి, రెండు చేతులతో జాగ్రత్తగా డబ్బాని దానమ్మ గారికి తిరిగిచ్చాడు.