హాజీ కొడుకు కోటు

1988. షార్జాలో రోలా దగ్గర ఒక టైలర్ షాపులో నేను కటింగ్ మాస్టర్ని. ఇరాన్, ఇరాక్ యుద్ధం ఆ ఏడే ఆగింది. కాల్పులు ఆగాయి గానీ సంధి కుదరలేదు. సరిహద్దు నది ఎవరిదన్న పేచీ అలాగే ఉంది. అది తేలేదాకా ఖైదీల మాట ఎత్తొద్దన్నట్టు రెండు దేశాలూ మొండికేశాయి.

మా పక్క రొట్టెల కొట్టు ఒక ఇరానీ హాజీది. ఫౌజులో చేరిన ఆయన కొడుకు ఇరాక్ చెరలో ఉన్నాడు. యుద్ధం ఆగిందని వినగానే హాజీ తన కొడుకు పెళ్లి సూటుకని నీలం గుడ్డ తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. వాడు రాగానే కొలతలు తీసుకోమని వచ్చీరాని హిందీలో చెప్పాడు. నెలలు గడిచాయి. చర్చలకు కూర్చోవడం, లేవడం, అంతే.

ఒకరోజు హాజీ వచ్చి, "మాస్టర్, ఆ గుడ్డ నా కొలతకు కుట్టెయ్. వాడు రాడు. ఖలాస్," అన్నాడు. నాకు ఒళ్లు మండింది. కన్నకొడుకు మీద ఆశ తెంచుకోవడానికి ఈయనకు నా కత్తెరే దొరికిందా? కాజాలు కుట్టే మా జగిత్యాల రాజన్న తలెత్తకుండానే అన్నాడు: "అన్నా, పెద్దాయినకు కోసినంక రేపు పోరడు వస్తే ఏం తొడుగుతవ్?"

కొయ్యనని తెగేసి చెప్పాను. ఇది మీ అబ్బాయికే కుడతాను, ఇవాళే మొదలుపెడతాను అన్నాను. మనిషి లేకుండా కొలతెలా అని హాజీ నన్ను ఎగాదిగా చూశాడు.

"పంపేటప్పుడు వాణ్ణి కౌగిలించుకున్నారు కదా? అలాగే నిలబడండి."

ఎదుట ఎవరూ లేకపోయినా హాజీ చేతులు చాచి నిలబడ్డాడు. ఆ చేతుల చుట్టుకొలత చూసి ఛాతీ, ఆయన గడ్డం ఆనిన చోటు చూసి భుజం ఎత్తు రాసుకున్నాను. ఆయన కళ్లు మూసుకుని చాలాసేపు చేతులు దించలేదు. నాకూ ఏడుపొచ్చింది గానీ టేపు వదల్లేదు. కుట్టు లోపల మడిచి ఉంచే గుడ్డను మేం మార్జిన్ అంటాం. అది మామూలుకంటే ఎక్కువే పెట్టాను.

కొన్నాళ్లకు జబ్బుపడ్డ ఖైదీలను కొందరిని వదిలారు. వాళ్లలో ఆ అబ్బాయి ఉన్నాడు. ఇరాన్‌లో వాళ్ల ఊళ్లో కొంచెం తేరుకున్నాక తండ్రి దగ్గరికి వచ్చాడు. కోటు తొడిగితే భుజాలు సరిపోయాయి, లోపల మనిషే లేడు. పక్కలు బిగించి, మిగిలిన గుడ్డ కత్తిరించబోతుంటే హాజీ నా చెయ్యి పట్టుకున్నాడు.

"కొయ్యొద్దు మాస్టర్. నా రొట్టె తింటాడు. నిండుతాడు."

ఎదురుగా ఉన్న ఒంటికి కుట్టడమే నా విద్య అనుకునేవాణ్ణి. కోలుకోబోయే ఒంటికీ కుట్టాలని ఆయన దగ్గరే నేర్చుకున్నాను. ఆ రెండు దేశాల సంధి మీద సంతకాలు పడనేలేదు. కోటును మాత్రం ఏడాది తిరిగేలోపు రెండుసార్లు వదులు చేశాను.