వెనక తలుపు గడియ

పెత్తరమాస నాడు మా ఇంట్లో పోయినవాళ్ళకు ఇష్టమైనవి వండుతాం. ఫొటో ముందు విస్తరి పెట్టి, తలుపు దగ్గరకు వేసి, అందరం బయట మెట్ల మీద కూర్చుంటాం. వాళ్ళు మొహమాటం లేకుండా తిని పోవాలి కదా. మా మామ నాంపల్లి స్టేషన్లో మూటలు మోసిన మనిషి. ఆయనకు గారెలు, మటన్ కూర ఉండాలి. నేను కాపురానికి వచ్చిన కొత్తలో ఆ కూర కుండ నిండా ఉండేది. తర్వాత చిన్న గిన్నెలోకి వచ్చింది. ఈసారి ముక్కల కంటే ఆలుగడ్డలే ఎక్కువ.

మా ఆయన అబిడ్స్ ఫుట్‌పాత్ మీద రుమాళ్ళు, సాక్సులు అమ్ముతాడు. ఆ పొద్దున నేను నూనె పాకెట్ కత్తిరిస్తుంటే దాని మీది ధర చూసి ఊరుకోలేకపోయాడు.

"మనం టాక్స్ కట్టమంట! నిన్న ఒక సార్ రుమాలు బేరం చేసుకుంట అన్నడు. మరి గీ నూనె మీద, సబ్బు మీద ఎవ్వల అయ్య కడుతుండు?"

"మీ అయ్య ఇయ్యాల వస్తడు కదా, అడుగు," అన్నాను.

ఎల్లిపాయ వొలుస్తున్న అత్తమ్మ కూడా నవ్వింది. అంతలో ఆయన ఫోన్ చూసి, "ఇగో, దేశం అప్పు పంచితే తలకింత వస్తదంట. నిన్న పుట్టిన పోరనికి కూడా ఉన్నదంట," అన్నాడు.

అత్తమ్మ చేయి ఆగింది. "పోయినోళ్ళ తలకు?"

"గవర్నమెంటు పోయినోళ్ళను మాత్రం ఇడుస్తదా అమ్మా!"

ఆయన ఆట పట్టించడానికే అన్నాడు. అత్తమ్మ మాత్రం నవ్వలేదు.

మా మామ బతికుండగా వడ్డీ మనిషి సాయంత్రం కాగానే మా గల్లీ మొదట్లో వచ్చి కూర్చునేవాడట. మామ పట్టాల వైపు నుంచి తిరిగి, వెనక తలుపులోంచి ఇంట్లోకి వచ్చేవాడు. అత్తమ్మ దానికి గడియ పెట్టేది కాదు. చివరికి బాకీ అంతా తీర్చాడు. దవాఖానలో ఆమె చేయి పట్టుకుని, "ఇగ ముందు దర్వాజల నుంచే వస్త," అన్నాడు. ఆ దర్వాజలోంచే తెచ్చారు, నలుగురు మోసుకుని.

మధ్యాహ్నం విస్తరి పెట్టి తలుపు వేశాం. మెట్ల మీద చూస్తే అత్తమ్మ లేదు. పక్క సందులోంచి వెనక్కి వెళ్ళాను. ఆమె వెనక తలుపు కొంచెం తెరిచి పట్టుకుని, ఎవరో ఎదురుగా ఉన్నట్టు గొంతు తగ్గించి మాట్లాడుతోంది.

"గిటు నుంచి రా. ముందట ఎవ్వలున్నరో ఏమో. ముక్కలు తక్కువైనయి, ఏమనుకోకు. జర జల్ది తిని పో."

అక్కడ ఎవరూ లేరు. చప్పుడు చేయకుండా వచ్చి మెట్ల మీద కూర్చున్నాను.

తలుపు తీశాక విస్తరి పెట్టినట్టే ఉంది. అత్తమ్మ దాన్నే చూస్తూ, "తిన్నడంటవా బిడ్డా?" అంది.

"తిన్నడు అత్తమ్మా."

"కడుపునిండ?"

నేను విస్తరి తీయడానికి వంగాను.

ఆ రోజు వెనక తలుపు గడియ వేయబోతే, "ఉండనీ," అంది. అప్పటి నుంచి అలాగే ఉంటోంది. గాలికి తలుపు కదిలినప్పుడల్లా ఇద్దరం అటు చూస్తాం.

మొన్న మా ఆయన సరుకు కోసం వడ్డీకి డబ్బు తెచ్చానని చెప్పాడు. నిన్న సాయంత్రం అబిడ్స్ నుంచి వచ్చేటప్పుడు గల్లీలోంచి రాలేదు. వెనక అడుగుల చప్పుడైంది. తలుపు కిర్రుమంది.

"వచ్చినవా?" అంది అత్తమ్మ, కళ్ళు మూసుకునే.

"ఔ," అన్నాడు మా ఆయన. ఆమె ఎవరిని అడిగిందో నేను అడగలేదు.